నూనె గిన్నెలోకి వంగని మెడ

నవంబరు 21, శుక్రవారం

పుట్టింది! ఆడపిల్ల! మా ఉషారాణికి ఆడపిల్ల పుట్టింది! నేను తాతనైపోయాను!

మూడు కిలోల వంద గ్రాములు. తల్లీ బిడ్డా క్షేమం. ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చిన ఈ డైరీలో ఇన్నాళ్ళూ చేనుకి నీళ్ళు పెట్టిన తేదీ, మందు కొట్టిన తేదీ తప్ప ఒక్క ముక్క రాయలేదు. ఇక చేను సంగతి చేను చూసుకుంటుంది. ఈ పుస్తకం నా మనవరాలిది.

ఆపరేషన్ అనేసరికి శేషమ్మ భయపడి ఆస్పత్రి పక్కనున్న గుడికి పోయింది. అల్లుడు నరేంద్రబాబు చెన్నై నుంచి ఇంకా రైల్లోనే ఉన్నాడు. అంటే నా మనవరాలికి ఈ లోకంలో ఎదురొచ్చిన మొదటి బంధువుని నేనే! నర్సమ్మ తలుపు తీసుకుని వచ్చి, "తాతా, చేతులు చాపు" అంది. చాపాను. పెట్టింది. వేడిగా, అప్పుడే దించిన ఇడ్లీ మూటలా ఉంది.

"ఎట్టుంది తాతా మనవరాలు?"

"బ్రహ్మాండం!" అన్నాను.

నిజం ఈ పుస్తకంలోనే రాసుకోవాలి. ఎనిమిది నెలలుగా పట్టేసిన నా మెడ కిందికి వంగలేదు. చేతుల్లో మనవరాలు ఉంది, కళ్ళెదురుగా గోడ ఉంది. గోడ మీద గడియారం ఉంది. రెండూ అయిదు. ఒక నిమిషం పాటు నేను బ్రహ్మాండంగా చూసింది ఆ గడియారాన్ని.

నర్సమ్మ బిడ్డని తీసుకుపోయింది. శేషమ్మ గుడి నుంచి వచ్చి, నేరుగా లోపలికి పోయి, కళ్ళారా చూసుకుని వచ్చి, "ముక్కు అచ్చం నీదేనయ్యా" అంది. అయ్యో పాపం అనుకున్నాను. రేపు తీరిగ్గా చూస్తాను. యాడికి పోతుంది?

సాయంత్రం దాకా ఫోన్లే ఫోన్లు. అందరికీ నేనే చెప్పాను. "మధ్యాహ్నం రెండు గంటల అయిదు నిమిషాలకి!" "నిమిషంతో సహా చూసినావా అన్నా!" అని కోవూరు నుంచి తమ్ముడు పెంచలకృష్ణ మెచ్చుకున్నాడు. "నా కళ్ళతో చూసినా" అన్నాను. అబద్ధమేమీ కాదు.

నవంబరు 22

అయ్యవారికి ఫోను చేశాను, నక్షత్రం చూడమని. అవతల పంచాంగం పేజీలు తిప్పుతున్న చప్పుడు.

"టైము గట్టిగా చెప్పు ఓబులేసూ."

"రెండూ అయిదు సామీ. గడియారం ఎదురుగా నిలబడుండా."

"అయ్యో. ఒంటిగంట యాభై ఆరు దాకా అనూరాధ. బంగారం లాంటి నక్షత్రం. ఆ తర్వాత జ్యేష్ఠ వచ్చేసింది. మా పుస్తకం ప్రకారం తల్లి తండ్రికి గండం."

"తల్లి తండ్రి అంటే ఎవరు సామీ?"

"నువ్వేనయ్యా."

మళ్ళీ ఆ నక్షత్రం వచ్చేదాకా నేను బిడ్డ ముఖం చూడకూడదు. డిసెంబరు పంతొమ్మిదిన శాంతి. కంచు గిన్నెలో నువ్వుల నూనె పోసి నా ముందు పెడతారు. నా ఎడమ భుజం వెనక బిడ్డని ఎత్తి పట్టుకుంటారు. ముందు నూనెలో నీడ చూసి, ఆ తర్వాత తిరిగి ముఖం చూడాలి. చేతుల్లో పెట్టినప్పుడు చూశావా అని అడిగాడు. లేదు సామీ అన్నాను. "నీ పుణ్యం బాగుంది" అన్నాడు. నా పుణ్యం అంతా మెడలోనే ఉంది.

శేషమ్మ మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయింది. "తొమ్మిది నిమిషాలు! ఆ తల్లి ఇంకో తొమ్మిది నిమిషాలు ముందు రాకూడదా!"

ఉషారాణి ఇవన్నీ నమ్మదు. చదువుకున్న పిల్ల. "ఏం కాదు నాయనా, వచ్చి చూడు" అంది. శేషమ్మ వెంటనే, "నువ్వు చూసిన పూట నుంచి నేను పచ్చి మంచినీళ్ళు ముట్టను" అంది. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, ఆమె అన్నది చేసే మనిషి. ఉషారాణి నోరు మూసుకుంది. నేనూ మూసుకున్నాను.

నవంబరు 26

ఇంటికొచ్చారు! నా మనవరాలు నా ఇంటికొచ్చింది! నేను ఆ సమయానికి పెరట్లో గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాను. శేషమ్మ నిలబెట్టింది.

లోపలి గది గుమ్మానికి పాత చీర కట్టారు. నా మంచం వసారాలోకి వచ్చింది. చీరకి అవతల నా మనవరాలు. ఏడుపు భలే ఉంది, చెరువు కట్ట దాకా వినపడుతుంది. మా వంశంలో ఇంత గొంతు ఒక్క మా అమ్మకే ఉండేది.

పసిదాన్ని ఎత్తుకుని ఆడవాళ్ళు అటూ ఇటూ పోవాల్సి వచ్చినప్పుడు నా ఎడమ పక్క నుంచి పోతారు. అటు నా మెడ ఎలాగూ తిరగదు. తాళం వేసి ఉన్న గదికి కాపలా అక్కర్లేదు గదా. అయినా శేషమ్మ కాపలా ఉంటుంది.

నవంబరు 27

పంతొమ్మిదో తేదీ పరువు పోకుండా ముందే ఒకసారి చూసుకుందామని కంచంలో నీళ్ళు పోసుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. శేషమ్మ బిడ్డకి బదులు సొరకాయ పట్టుకుని నా భుజం వెనక నిలబడింది.

మెడ వంచబోతే వంగలేదు. వీధి గేటు కనపడింది. నడుం మొత్తం వంచాను. కంచం నిండా నా ముఖమే. సొరకాయకి చోటు లేదు. కంచాన్ని గడ్డం దాకా ఎత్తాను. నీళ్ళు చొక్కాలోకి పోయాయి.

"ఇట్టాగైతే ఆ రోజు నూనెతో తలంటు పోసుకున్నట్టే" అంది శేషమ్మ.

"ఆ రోజు చూడలేకపోతే ఏంది?"

"మళ్ళీ జ్యేష్ఠ వచ్చేదాకా ఇరవై ఏడు రోజులు."

"సంక్రాంతి దాటంగానే అత్తగారు తీసుకుపోతామన్నారు గదమ్మా" అని చీర అవతల నుంచి ఉషారాణి అంది.

నేను లేచి సొరకాయని వంటింట్లో పెట్టి వచ్చాను.

నవంబరు 28

ఉషారాణి చదివింది ఫిజియోథెరపీ. నెల్లూరులో ఒక క్లినిక్‌లో పని. చేరతానన్న రోజు నేనేమన్నానో ఈ పుస్తకంలో లేదు గానీ ఆమెకి అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. ఈరోజు చీర వెనక నుంచి అప్పజెప్పింది. "నాలుగున్నరేళ్ళు చదివి మనుషుల చేత కాళ్ళూ చేతులూ ఊపించే పనా? మన నాట్లేసే ఆడోళ్ళు చదవకుండానే పొద్దస్తమానం ఊపుతారు, అన్లా నాయనా?"

"అన్నానేమోలే."

"ఇప్పుడు చెప్పు. మెడ ఎన్నాళ్ళ నుంచి?"

"మొన్నట్నించి."

"ఎనిమిది నెలలే" అని వంటింట్లోంచి వినపడింది. "రెండు దిండ్లు, పైన మడిచిన దుప్పటి. పొద్దున లేస్తే ఫోను. మెడ నొప్పి ఎట్టా పోవాలా అని ఆ ఫోన్లోనే చూస్తాడు, మూడు గంటలు దిండ్లకి ఆనుకుని."

అది వాస్తవమే. మెడ నొప్పి పోయే వీడియోలు నూరు పైన చూశాను. గుణం కనిపించలేదు. వీడియోలు సరిగా తీయడం లేదు.

ఉషారాణి ముందు అడగాల్సినవి అడిగింది. చేతులు తిమ్మిరెక్కుతున్నాయా, పట్టు తప్పుతోందా, కళ్ళు తిరుగుతున్నాయా? లేవు. పోయిన నెల తీసిన ఎక్స్‌రే తెప్పించుకుని చూసింది. "ఎముకలకేం కాలా. కండరాలు బిగిసిపోయినాయి, అంతే. మూడు వారాలుంది గదా నాయనా. చెప్పింది చెప్పినట్టు చేస్తే నూనె గిన్నెలోకి వంగుతావు."

చెప్పినవి ఇవి. ముందు వేన్నీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు మెడ మీద పది నిమిషాలు. భుజాలు చెవుల దాకా ఎత్తి, వెనక్కి తిప్పి, వదిలెయ్యడం. గడ్డాన్ని నిటారుగా వెనక్కి లాగడం, పొట్టేలు ఢీకొట్టబోయే ముందు తగ్గుతుందే, అట్లా. చెవిని భుజం వైపు వంచడం, భుజాన్ని చెవి దగ్గరికి తేవడం కాదు. గడ్డాన్ని నెమ్మదిగా రొమ్ము వైపు దించడం. కుడికి తిరిగి పది లెక్క, ఎడమకి తిరిగి పది లెక్క. లాగినట్టు ఉండాలి గానీ నొప్పి రాకూడదు. రోజుకి మూడు సార్లు. ఒకటే దిండు.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే."

"మందు లేదా? ఇంజెక్షను? కనీసం పసరు?"

"లేదు నాయనా."

నాలుగున్నరేళ్ళు.

డిసెంబరు 1

పురుడు పోశారు. వాన. మూడు సార్లు చేశాను.

డిసెంబరు 2

వాన. మూడు సార్లు చేశాను. చీర వెనక నుంచి, "లెక్క వినపళ్ళేదే నాయనా" అని అడిగింది. మనసులో లెక్కపెట్టానని చెప్పాను. మెడ కూడా మనసులోనే తిప్పాను.

డిసెంబరు 3

శేషమ్మకి ఈమధ్య నా మీద ప్రేమ ఎక్కువైంది. బండి తాళం దాచేసింది. మోటారు స్విచ్ నన్ను ముట్టుకోనివ్వదు. చేతికి ఎర్ర దారం కట్టింది. నాట్లు చూద్దామని చేనికి పోతే గొడుగేసుకుని వెనకాలే వచ్చి గట్టు మీద కూర్చుంది. నాట్లేసే ఆడవాళ్ళు నవ్వుతున్నారు. "పెద్దాయన్ని ఒక్క నిమిషం కూడా వదల్లేకుండా ఉండావే అక్కా" అంటే, "వదిలితే ఏ కాలవలో పడతాడో, కింద చూడలేడు గదా" అంది. ఇంటి పరువు గట్టు మీదే తీసింది.

పక్క చేను గంగులయ్య నన్ను పక్కకి పిలిచాడు. "ఓబులేసన్నా, ఈ గడ్డాలు లాగడాలు, భుజాలు తిప్పడాలు, అయ్యేవి పొయ్యేవి కాదన్నా. రెండు చేతులా తల పట్టుకుని ఒక్క విరుపు. టక్ మంటుంది. మా బావమరిదికి నేనే విరిచినా."

"ఆయనకి తగ్గిందా?"

"నాతో మాట్లాడ్డం లేదు గానీ, తగ్గే ఉంటుంది."

ఉషారాణి విరవనివ్వొద్దని గట్టిగా చెప్పింది. నేను ఆమె మాట దాటను.

డిసెంబరు 4

గంగులయ్య గురించి రాయడానికి ఏమీ లేదు.

డిసెంబరు 5

పడుకునే ఉన్నాను. వేన్నీళ్ళ తువ్వాలు.

ఉషారాణి అరవలేదు. అరిస్తే బాగుండేది. చీర అవతల నుంచి మెల్లగా, "నాయనా, మెడలో నరాలుంటాయి, మెదడుకి పోయే రక్తనాళాలుంటాయి. అది మొక్కజొన్న కండె కాదు. నీకేమన్నా అయితే అమ్మ జన్మలో ఈ బిడ్డ ముఖం చూడదు. ఆ సంగతి తెలుసా నీకు?" అంది.

తెలియదు. నిజంగా ఆ మాట నాకు తట్టలేదు.

డిసెంబరు 6

తగ్గింది. ఈరోజు మూడు సార్లు చేశాను. లెక్క పైకి పెట్టాను, వీధి గేటు దాకా వినపడేలా. ఈ మాట నిజం.

వసారాలో నాకు ఒక కొలత దొరికింది. నిటారుగా కూర్చుంటే ఎదురుగా గేటు. ఎడమ పక్కకి తిరుగుతూ పోతే గోడకి వేలాడే మందు కొట్టే ట్యాంకు, తర్వాత క్యాలెండరు, తర్వాత గుమ్మం, తర్వాత చీర. ఈరోజు ట్యాంకు దాకా పోయాను. ముఖం తిప్పకుండా కళ్ళు మాత్రం క్యాలెండరు దాకా పోతాయి గానీ, "కళ్ళు కాదు నాయనా, ముక్కు పోవాలి" అంది. కళ్ళు చీరకి అవతల ఉన్నా ఈ పిల్లకి ఎలా తెలుస్తుందో.

డిసెంబరు 8

ముక్కు క్యాలెండరు దాకా పోయింది! తారీఖులు చదవగలుగుతున్నాను! పంతొమ్మిది ఎర్ర పెన్నుతో చుట్టి ఉంది. శేషమ్మ పని.

కిందికి కూడా దిగుతోంది. ముందు గేటు కింది భాగం, తర్వాత మెట్లు, ఈరోజు నా కాలి వేళ్ళు. ఎనిమిది నెలల తర్వాత చూసుకున్నాను. పదీ ఉన్నాయి. గోళ్ళు తీసుకోవాలి.

ఉషారాణి లెక్కపెడితే నేను తిరుగుతాను. ఆమె ఏడు దగ్గర ఆగితే బిడ్డ కదిలిందని అర్థం. నేను ఏడు మీదే ఆగి ఉంటాను. ఒక్కోసారి ఏడు చాలాసేపు ఉంటుంది. నాకేం ఇబ్బంది లేదు.

డిసెంబరు 10

గుమ్మం.

చీర కింద ఒక మూల కాస్త మడతపడింది. అటు తిరిగినప్పుడు ఒక కాలు కనిపించింది. చింతపండు పిక్కంత బొటనవేలు! తన్నుతోంది, గాలిని! ఎంత ధైర్యం!

అయ్యవారు ముఖం చూడొద్దన్నాడు. కాలు ముఖం కాదు. ఎవరినైనా అడగొచ్చు.

డిసెంబరు 11

ఈరోజు ఏమీ చూడలేదు.

పిడికిలి కూడా ముఖం కాదు.

డిసెంబరు 13

వెంట్రుకలు. నల్లగా, వెనక వైపు ఒక చోట అరిగిపోయి. ఎడమ చెవి, సగం. దాని మీద సన్నగా నూగు. ఇప్పటికి నా మనవరాలిని మెడ పై భాగం ముందు పక్క తప్ప మొత్తం చూసేశాను. గండం గనక ముక్కల లెక్కన వచ్చేదైతే నేను ఈపాటికి ముప్పాతిక పోయి ఉండాలి. పొద్దున నాలుగు దోసెలు తిన్నాను.

శేషమ్మ మాత్రం తినడం లేదు. అడిగితే ఆకలి లేదంటుంది. పురుడు పనితో అలిసిపోయింది కాబోలు.

డిసెంబరు 15

ఉషారాణి మాత్రల చీటీ కావాలంటే బీరువాలోంచి ఆస్పత్రి ఫైలు తీశాను. ఇదివరకైతే కాగితం ముఖానికెదురుగా ఎత్తి పట్టుకుంటే తప్ప చదవలేకపోయేవాడిని. ఈరోజు బల్ల మీద పరిచి, దర్జాగా మెడ వంచి, ఒక్కొక్క కాగితం చదివాను. చదవాలన్న సరదాయే, ఇంకేం కాదు.

మూడో కాగితం. శిశువు: స్త్రీ. బరువు: 3.1. పుట్టిన సమయం: మధ్యాహ్నం 1.22.

ఫైలు మళ్ళీ బీరువాలో పెట్టేశాను. మాత్రల చీటీ ఇవ్వడం మర్చిపోయాను.

డిసెంబరు 16

ఆస్పత్రుల్లో పని ఒత్తిడి ఎక్కువ. రాసే వాళ్ళు రెండుని ఒకటి అనుకుని ఉంటారు. అయిదుని ఇరవై రెండు అనుకుని ఉంటారు. జరుగుతుంటాయి.

మూడు సార్లు చేశాను.

డిసెంబరు 16, సాయంత్రం

ఒకటీ ఇరవై రెండుకి పుట్టింది. మత్తులో ఉన్న ఉషారాణికి టైము తెలియదు. కడిగారు, తుడిచారు, బరువు చూశారు, గుడ్డలో చుట్టారు. రెండూ అయిదుకి నా చేతుల్లో పెట్టారు. నేను గడియారం చూశాను. మెడ వంగి ఉంటే బిడ్డని చూసేవాడిని, గడియారం జోలికే పోయేవాడిని కాదు. నర్సమ్మని ఎప్పుడు పుట్టిందమ్మా అని నోరు తెరిచి అడిగేవాడిని.

అనూరాధ. బంగారం లాంటి నక్షత్రం.

గండం లేదు, దోషం లేదు, చీర అక్కర్లేదు. ఇప్పుడే లేచి లోపలికి పోయి చూడొచ్చు. శేషమ్మకి ఈ మాట ఎలా చెప్పాలో తెలియక కూర్చున్నాను. నాలుగు వారాలుగా ఆమె మొక్కని దేవుడు ఈ జిల్లాలో లేడు. చెప్తే ఆమె నన్ను బతకనిస్తుందా? గండం ఇప్పుడు నిజంగా మొదలయ్యేలా ఉంది.

ఇంకో మూడు రోజులే గదా. శాంతి అయిపోతే అయిపోతుంది. ఎవరికీ నష్టం లేదు.

డిసెంబరు 17

నష్టం ఉంది.

ఉషారాణి అత్తగారు వనజాక్షమ్మ ఫోను చేసింది. బిడ్డ చేతిలో ఉండడం వల్ల ఉషారాణి స్పీకరు పెట్టింది. వద్దన్నా వినపడుతుంది.

"శాంతికి మేమిద్దరం వస్తా ఉండాం అమ్మా. మావాళ్ళందరికీ చెప్పేసినా, జ్యేష్ఠలో పుట్టిందని. ముందే తెలిస్తే మంచిది గదా. పెద్దకొడుకుండే ఇంటికి ఈ పిల్లని రేపు చేసుకోరు. మీ నాయనకి ఏమీ కాకుండా ఉంటే అదే పదివేలు. తాతని మింగిందని పేరొస్తే ఆడపిల్లకి చెరుగుతుందా?"

బిడ్డ వయసు ఇరవై ఆరు రోజులు.

ఉషారాణి "సరే అత్తయ్యా" అని పెట్టేసింది. ఈ పూట నాకు లెక్క పెట్టలేదు. నేను గుమ్మం దాకా తిరిగి ఎదురుచూశాను. చీర అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. బిడ్డ ఏడుపు ఎట్టుంటుందో నాకు తెలుసు. అది బిడ్డ కాదు.

ఏ పాపం తెలియని పిల్లకి నేను ఫోను చేసి ఊరూరా పేరు పెట్టించాను. నిమిషంతో సహా.

రేపు చెప్తాను.

డిసెంబరు 18

చెప్పలేదు. శేషమ్మ పొద్దుట్నించి కంచు గిన్నె తోముతోంది. మూడు సార్లు తోమింది. దగ్గరికి పోయి "శేషమ్మా" అన్నాను. "ఏందయ్యా, నొప్పి వచ్చిందా, యాడ?" అని గిన్నె వదిలేసి లేచింది. చేతులు బూడిద. "లేదులే" అన్నాను.

మెడ బాగైంది. ఇప్పుడు గొంతు పట్టేసింది. దీనికేం వ్యాయామం ఉందో.

డిసెంబరు 19, శుక్రవారం

చూశాను! చూశాను! చూశాను!

వరసగా రాయాలి.

తొమ్మిది గంటలకల్లా వియ్యంకుడు కామాక్షయ్యగారు, వనజాక్షమ్మ, అల్లుడు కారు దిగారు. అయ్యవారు నన్ను పీట మీద కూర్చోబెట్టాడు. కామాక్షయ్యగారు పలకరింపుగా, "బావగారూ, మెడ ఎట్టుంది?" అన్నాడు. కుడికి తిప్పి చూపించాను, ఎడమకి తిప్పి చూపించాను. "అబ్బో" అన్నాడు. నా కూతురి చదువు అన్నాను. చీర అవతల దగ్గు వినపడింది.

అయ్యవారు సంకల్పం మొదలుపెట్టాడు. మధ్యలో "జ్యేష్ఠా నక్షత్రే" అని వినపడింది. వనజాక్షమ్మ తల పంకించింది. కంచు గిన్నెలో నూనె పోశారు. నల్లగా, నిండుగా, కదలకుండా నిలిచింది.

"ఇప్పుడు తల వంచి నూనెలోకే చూడు. బిడ్డని తెచ్చేదాకా కళ్ళు ఎత్తొద్దు."

గడ్డం వెనక్కి లాగి, నెమ్మదిగా రొమ్ము వైపు దించాను. దిగింది. వెన్నలా దిగింది! ఎనిమిది నెలల్లో ఎంత వంగలేదో అంతా వంగింది!

నూనెలో ఒక ముఖం కనిపించింది. బిడ్డ కాదు. శేషమ్మ. నా భుజం వెనక నిలబడి ఉంది, తను నాకు కనిపిస్తోందని ఆమెకి తెలియదు. కొంగు నోట్లో కుక్కుకుని, నా నడినెత్తి వైపు చూస్తూ ఏడుస్తోంది. చప్పుడు లేకుండా. బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. బండి తాళం, ఎర్ర దారం, గట్టు మీద గొడుగు, తినని అన్నం, అన్నీ ఆ ముఖంలో ఉన్నాయి. నాలుగు వారాలుగా ఆమె నేను పోతానేమోనని భయపడింది. నాలుగు వారాలుగా నేను వేళాకోళం రాసుకున్నాను.

"ఆగండి" అన్నాను.

అయ్యవారు ఆగాడు.

"బిడ్డ పుట్టింది రెండూ అయిదుకి కాదు. ఒకటీ ఇరవై రెండుకి. బీరువాలో ఆస్పత్రి కాగితం ఉంది. రెండూ అయిదు అనేది నా చేతుల్లో పెట్టిన టైము. మెడ వంగక బిడ్డని చూళ్ళేకపోయినా. ఎదురుగా గడియారం ఉంటే అది చూసినా. చూసిందే అందరికీ చెప్పినా. బిడ్డది అనూరాధ. దాని తప్పేం లేదు. మెడ నాది."

అల్లుడు పోయి ఫైలు తెచ్చాడు. అయ్యవారు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు, పంచాంగం తిప్పాడు, మళ్ళీ చదివాడు. "అనూరాధే" అన్నాడు. తర్వాత నూనె గిన్నె వైపు, పూల వైపు, పళ్ళ వైపు చూసి, "అయినా చేసిన శాంతి ఊరికే పోదులే. అనూరాధకి కూడా మంచిదే" అన్నాడు.

వనజాక్షమ్మ, "అయితే నేను మావాళ్ళందరికీ చెప్పిన మాటో?" అంది. ఉషారాణి చీర పక్కకి లాగి బయటికి వచ్చింది. "చెప్పిన నోటితోనే మళ్ళీ చెప్తే సరిపోతుంది అత్తయ్యా" అంది. మెత్తగానే అంది. పాపం, కామాక్షయ్యగారు ఇంటి కప్పు వైపు చూశాడు. ఆయన మెడ భలే తిరుగుతుంది.

శేషమ్మ అప్పటికి తేరుకుంది. "ఎప్పుడు తెలిసిందయ్యా నీకు?"

"సోమారం."

"సోమారం." ఆమె చెయ్యెత్తింది. నా మెడ వైపే వచ్చింది. సగంలో ఆగిపోయింది. "కొడితే మళ్ళీ పట్టేస్తుంది" అని నా వీపు మీద రెండు వేసింది, గట్టివి. తర్వాత అక్కడే నేల మీద కూలబడి నవ్వింది, ఏడ్చింది, నాకు వరస తెలియలేదు. "గండం లేదంట, ఉషా, మీ నాయనకి గండం లేదంట" అని అదే మాట పది సార్లు అంది. ఆమె లెక్క కూడా పదే.

అప్పుడు నా ఎడమ భుజం వెనక నుంచి ఉషారాణి, "నాయనా, ముక్కు పోవాలి, కళ్ళు కాదు" అంది.

తిరిగాను. ట్యాంకు, క్యాలెండరు, గుమ్మం. చీర లేదు. గడ్డం దించాను.

నా ముక్కే. పెట్టి పుట్టింది. పెదవి శేషమ్మది, ఏ మాటకీ ఒప్పుకోని పెదవి. నుదురు ఎవరిదో, దానిదే కాబోలు. అది నన్ను చూడలేదు. కళ్ళు పెద్దవి చేసుకుని నా భుజం మీదుగా గోడ వైపు చూస్తోంది. ఏముందా అని నేను కూడా తిరిగి చూశాను. గోడ గడియారం.

నా మనవరాలే. అనుమానం లేదు.

పది దాకా కాదు, నూరు దాకా అట్లాగే వంగి చూశాను. ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇక నేను చెయ్యాల్సింది ఒకటుంది. ఆ రోజు ఎవరెవరికి రెండూ అయిదు అని చెప్పానో, వాళ్ళందరికీ ఒకటీ ఇరవై రెండు అని చెప్పాలి. అనూరాధ అని చెప్పాలి. తప్పు బిడ్డది కాదు, తాత మెడది అని చెప్పాలి. శేషమ్మ పక్కన కూర్చుంటుంది, ఒక్కటి కూడా తప్పించుకోకుండా.

కోవూరు తమ్ముడు పెంచలకృష్ణ. వాడు వీధి మొత్తానికి చెప్పాడు గనుక వీధి మొత్తానికీ వాడే తిరిగి చెప్పాలి.

అల్లూరు అక్క. చెవులు సరిగా వినపడవు. పోయి చెప్పాలి. పోతే భోజనం పెడుతుంది, అదొకటి.

శేషమ్మ తమ్ముడు విజయభాస్కర్. ఏడాది పొడుగునా నవ్వుతాడు. నవ్వనీ.

చెన్నైలో శేషమ్మ పిన్నమ్మ. జ్యేష్ఠ పిల్లల కష్టాల గురించి నాకు రోజుకొక వీడియో పంపుతోంది. అన్నీ చూశాను, దిండుకి ఆనుకుని. మెడకి అదీ ఒక కారణం అని చెప్పాలి.

వనజాక్షమ్మ చెప్పిన వాళ్ళు. వాళ్ళ పేర్లు అడిగి తీసుకున్నాను. పదకొండు మంది. ఆమె చెప్తానంది. నేను కూడా చెప్తాను.

గంగులయ్య. చుట్టం కాదు గానీ నా మెడ పట్టుకున్నవాడు, చుట్టం కింద లెక్క. వాళ్ళ బావమరిదికి కూడా ఉషారాణి నంబరు ఇవ్వాలి.

ఆ నర్సమ్మ. ఆస్పత్రికి పోయి చెప్పాలి, "అమ్మా, ఎట్టుందని అడిగినావు గదా, ఇప్పుడు చూసినా, బ్రహ్మాండం" అని.

పాప. అందరికంటే ముందు దానికే చెప్పాను, చెవిలో. విని ఆవలించింది.